పద్యనాటక ప్రయోగమున నటుని స్వాతంత్ర్యము

కవి రచించిన పద్యము రంగస్థలముమీద నటుని కంఠమునుండి వెలువడునపుడు అందు కవిభాగ మెంత, నటభాగ మెంత? పద్యనాటకమును గూర్చి మనలో జరిగిన చర్చలు చాలవఱకు ఈ ప్రశ్నను విడిచి, రాగము వలయునా వలదా యను వివాదముతోనే ముగిసినవి. రాగము లేనిదే పద్యము రక్తి కట్టదని యొక పక్షమువారు వాదించిరి. రాగమే నాటకమును చంపుచున్నదని వేఱొక పక్షమువారు వాదించిరి. ఇరుపక్షములందును కొంత సత్యము కలదు. కాని రాగమును మొత్తముగా అంగీకరించినను, మొత్తముగా త్రోసివేసినను నటుని స్వాతంత్ర్యమునకు హద్దులు తెలియవు. పద్యమునందు కవి నిర్ణయించినది ఏది, నిర్ణయింపక నటునికి విడిచినది ఏది యను వివేచనము ముందు జరుగవలెను. మన రంగస్థలముమీద నటుడు తఱచుగా కవి నిర్ణయించినదానిని మార్చుచు, కవి విడిచినదానిని వాడుకొనక పోవుచున్నాడని ఈ వ్యాసమునందలి ప్రతిపాదన.

ఈ పరిశీలనమునకు నెల్లూరుజిల్లా పడమటి భాగమునందలి ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములను ఆధారముగా గైకొంటిని. ఇచటి పల్లెలలో తిరునాళ్లకును, శ్రీరామనవమి యుత్సవములకును పద్యనాటకము లాడించు నాచారము కలదు. రాత్రి ప్రొద్దుపోయిన పిదప తెఱ లేచును. తెల్లవాఱుదాక ఆట సాగును. హరిశ్చంద్ర నాటకమున హరిశ్చంద్ర పాత్రను ఒక నటుడు కొన్ని రంగములవఱకు ధరింపగా, కాటిసీనునకు వేఱొక పేరుమోసిన నటుడు వచ్చును. కురుక్షేత్రమున రాయబారపు కృష్ణు డొకరు, యుద్ధరంగమునందలి కృష్ణుడు మఱియొకరు. నచ్చిన పద్యమునకు ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అందురు. నడుమ చదివింపులు వినవచ్చును. ఈ లక్షణములు ఆంధ్రదేశమున పెక్కుచోట్ల కలవు. అయినను ఈ ప్రాంతమును ముందుంచుకొనుటకు సాహిత్యచరిత్రలో నొక కారణము కలదు.

కృష్ణమిశ్రుడు 11వ శతాబ్దమున సంస్కృతమున రచించిన ప్రబోధచంద్రోదయ నాటకమును నంది మల్లయ, ఘంట సింగయ యను జంటకవులు 15వ శతాబ్దమున తెలుగు పద్యకావ్యముగా మార్చి, ఉదయగిరి ప్రభువైన బసవరాజునకు మంత్రియగు గంగయ్యకు అంకిత మిచ్చిరి. నాటకము కావ్యమైనపుడు రంగము పోయినది, ఆహార్యము పోయినది, నటుడును పోయినాడు. పాత్రయొక్క కంఠధ్వని పద్యములోనే నిలువవలసి వచ్చినది. దీనికి రెండు శతాబ్దములకు ముందే ఈ జిల్లాయందు తిక్కన భారతమున పదునైదు పర్వములను తెనిగించుచు, పాత్రల సంభాషణమును కంటికి కట్టునట్లు పద్యములలో పెట్టెను. దృశ్యరచన లేని దీర్ఘకాలమున తెలుగు పద్యమే రంగస్థలముయొక్క పనిని చేసినది. తరువాతి కాలమున గోదావరిసీమకు చెందిన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) తిక్కన ఉద్యోగపర్వము దారిలో పాండవోద్యోగ విజయములను రచింపగా, నెల్లూరి మహాకవి పద్యమునందు నిక్షేపించిన కంఠధ్వని నాటకరూపమున మరల నెల్లూరు పల్లెలను చేరినది. కావున మన రంగస్థల పద్యము వట్టి గేయసామగ్రి గాదు. అది కవి వ్రాసి యిచ్చిన ప్రయోగలిపి. ఆ లిపిని నటుడెట్లు చదువుచున్నాడు?

పాశ్చాత్య సంగీతమున పియానో వాదకుని స్థితి ఇచట పోలికకు పనికివచ్చును. ఏ స్వరము, ఎంతకాలము, ఏ స్వరములతో కూడి మ్రోగవలెనో అతనికి స్వరలిపి ముందే చెప్పును. అయినను ఒకే కృతి ఇద్దరి చేతులలో ఒకటిగా నుండదు. బాఖ్ (1685-1750) తన కృతులలో పెక్కింటికి వేగమునుగాని, ధ్వనియొక్క హెచ్చుతగ్గులనుగాని సూచింపలేదు. బీథోవెన్ (1770-1827) నాటికి సూచనలు పెరిగినవి. అతడు తన యైదవ పియానో కన్సర్టో మొదటి భాగమున, వాదకుడు స్వేచ్ఛగా కల్పించుకొను ‘కెడెంజా’ యను భాగమునకు తావీయక, అచట వాయింపవలసినదానిని తానే వ్రాసిపెట్టెను. 20వ శతాబ్దమున స్ట్రావిన్‌స్కీ హార్వర్డు విశ్వవిద్యాలయమునం దిచ్చిన యుపన్యాసములలో (1939-40) వాదకుడు వ్రాతను యథాతథముగా నిర్వహించుటకే ప్రాధాన్య మిచ్చెను. స్వరలిపి కట్టుదిట్టమైన కొలదిని వాదకునికి మిగిలిన స్వాతంత్ర్యము ఎచట నున్నదో కూడ స్పష్టమైనది. వేగమునందలి సూక్ష్మమైన మార్పు, స్వరముమీది ఊనిక, వాక్యమునకు వాక్యమునకు నడుమ విరామము — ఇవి అతని సొత్తు. స్వరమును మార్చుట అతని సొత్తు కాదు.

తెలుగు పద్యమునందలి వ్యవస్థ దీనికి తలక్రిందుగా నున్నది. మన కవి స్వరమును చెప్పడు, కాలమును చెప్పును. గురువునకు రెండు మాత్రలు, లఘువునకు ఒక మాత్ర. ఉత్పలమాల పాదమున ఎనిమిది గురువులు, పండ్రెండు లఘువులు. చంపకమాలయందు ఏడు గురువులు, పదునాలుగు లఘువులు. రెండింటికిని పాదమునకు 28 మాత్రలే. శార్దూలమున పదునొకండు గురువులు, ఎనిమిది లఘువులు. మత్తేభమున పది గురువులు, పది లఘువులు. ఈ రెండింటికిని 30 మాత్రలు. శార్దూలము మూడు గురువులతో బరువుగా అడుగిడును. చంపకమాల మూడు లఘువులతో పరువెత్తును. కోపమునకో, సభాగాంభీర్యమునకో, త్వరకో తగిన నడకను కవి వృత్తమును ఎన్నుకొనుటయందే స్థాపించును. రాగమును, స్థాయిని, శ్రుతిని మాత్రము నటునికి విడుచును. పియానో వాదకునికి స్వరము కట్టు, కాలము కొంత సడలింపు. మన నటునికి కాలము కట్టు, స్వరము సడలింపు.

ఈ కాలనియమము ఛందస్సు కోసము మాత్రమే ఏర్పడినది యనరాదు. తెలుగున అచ్చుయొక్క హ్రస్వదీర్ఘభేదము అర్థభేదమునకు హేతువు. కలము వేఱు, కాలము వేఱు. పలు వేఱు, పాలు వేఱు. వడి వేఱు, వాడి వేఱు. హ్రస్వముమీద రాగము తీసిన నటుడు మాటను సాగదీయుటయే గాక, వేఱొక మాటను పలుకుచున్నాడు. పియానోపై ఒక స్వరమునకు బదులు వేఱొక స్వరమును మీటుటకు ఇది సమానము. సంయుక్తాక్షరమునకు ముందున్న హ్రస్వము ఛందస్సున గురువైనను దీర్ఘము కాజాలదు. ‘సత్యము’ నందలి తొలి యక్షరము గురువే. కాని దానిని సాగదీసిన ‘సాత్యము’ అగును, మాట చెడును. హరిశ్చంద్రుని నోట చెడకూడని మాట అదియే గదా! సుశిక్షితుడైన నటుడు ఆలాపమునకు దీర్ఘాచ్చునో, పదాంతమునో వెదకుకొనును. ఆ వెదకులాటయందే అతని విద్య తెలియును.

యతివిషయమునను ఇట్టి ప్రమాదమే కలదు. సంస్కృతమున యతి విశ్రాంతిస్థానము. తెలుగున అది పాదాద్యక్షరముతో మైత్రి నెఱపు వడి. అచట పదము విఱుగవలెనను నియమము లేదు. పదమధ్యమునందు యతిస్థానము పడుట మనకు సర్వసామాన్యము. కాని ఉత్పలమాలలో పదవ యక్షరము, చంపకమాలలో పదునొకండవది, శార్దూలమున పదుమూడవది, మత్తేభమున పదునాలుగవది — ఈ యతిస్థానము లన్నియు గురువులే. గురువు దొరికినచోట నిలువవలెనని గాయకునికి సహజముగా తోచును. అందుచే పదము నడిమికి విఱిగి, మొదటి సగము ఒక రాగచ్ఛాయకును, రెండవ సగము వేఱొక రాగచ్ఛాయకును పోవును. పాదాంతమునందును ఇట్లే. తిక్కనాదుల పద్యములలో వాక్యము పాదమును దాటి ప్రవహించును. నటుడు నాలుగు పాదములకును నాలుగు ఆనకట్టలు కట్టును. ఎచట విఱువవలెనను నిర్ణయము నటుని స్వాతంత్ర్యములో ప్రధానమైనది. దానిని ఛందస్సునకు అప్పగించినవాడు తన స్వాతంత్ర్యమును తానే వదలుకొన్నవాడు.

కవి విడిచినదానికి హద్దు లేవని భావింపరాదు. భరతుడు నాట్యశాస్త్రమున పాఠ్యగుణములను చెప్పుచు సప్తస్వరములు, ఉరఃకంఠశిరస్సులను మూడు స్థానములు, ఉదాత్తాదులగు నాలుగు వర్ణములు, సాకాంక్ష నిరాకాంక్షములను రెండు కాకువులు, ఉచ్చ దీప్త మంద్ర నీచ ద్రుత విలంబితములను ఆఱు అలంకారములు, విచ్ఛేదము మొదలగు ఆఱు అంగములు పేర్కొనెను. హాస్యశృంగారములకు మధ్యమపంచమములు, వీరరౌద్రాద్భుతములకు షడ్జర్షభములు, కరుణమునకు గాంధారనిషాదములు అని రసమునుబట్టి స్వరములను విభజించెను. ఇవి పాటకు చెప్పినవి గావు, పాఠ్యమునకు చెప్పినవి. స్వరము పాఠ్యమునకు పరాయిది కాదని దీనివలన తేలుచున్నది. అయితే భరతుని పట్టికలో స్వరములు ఒక యంగము మాత్రమే. మిగిలిన వైదింటిని మన రంగస్థలము దాదాపు మఱచినది. ‘మీరు సంధి కొప్పుకొందురు’ అను వాక్యమును తీసికొందము. నిరాకాంక్షముగా పలికిన అది నిశ్చయము. సాకాంక్షముగా పలికిన ప్రశ్న. పెదవి విఱిచి పలికిన పరిహాసము. రాయబారమునందలి కృష్ణుడు ఈ మూడింటిని ఒకే పద్యమున మేళవింపగల పాత్ర. కాని మూడును ఒకే తారస్థాయిలో, ఒకే విలంబితమున వినిపించిన, అచట కృష్ణు డుండడు. గాయకుడు మాత్రమే యుండును.

ఈ యలవాటు ఎట్లు స్థిరపడినది? ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) బళ్లారియందు నాటకములను ప్రయోగించుచు పాటలకును, సంగీతమునకును తెలుగు రంగస్థలమున స్థాన మేర్పఱచెను. పారసీ, ధార్వాడ నాటకసమాజముల సంచారముచే ఆ సంగీతాభిరుచి బలపడినది. వానితోపాటు హార్మోనియము వచ్చినది. 1842లో పారిస్ నగరమున దెబేన్ హక్కుపత్రము పొందిన ఈ వాద్యము మన దేశమున చేతితిత్తి గల చిన్నపెట్టెగా మాఱినది. దీని మెట్లవరుస పియానో మెట్లవరుసయే. కాని స్వభావము వేఱు. పియానో తంత్రి మీటబడిన క్షణమునుండియే దాని నాదము క్షీణించును. కావున వాదకుడు వాక్యమును ముందునకు నడిపింపక తప్పదు. హార్మోనియమున తిత్తి యాడునంతకాలము నాదము నిలుచును. ఆగిన స్వరము ఆగియే యుండగలదు. అది నటుని ‘ఇంకను సాగదీయుము’ అని పిలుచును. పైగా ఇది పండ్రెండు మెట్ల వాద్యము, గమకము పలుకదు. ఆ కారణమున ఆకాశవాణి 1940 మొదలు 1971 వఱకు దీనిని నిషేధించినది. స్వరమును వంచలేని వాద్యము ప్రక్కనుండగా నటుని నైపుణ్యము స్వరసూక్ష్మతనుండి స్వరదైర్ఘ్యమునకు మరలినది.

రెండవ కారణము బయలురంగము. వేలకొలది జనము కూర్చున్న మైదానమున కడపటి వరుసకు మాట చేరవలెనన్న హెచ్చు శ్రుతియు, సాగిన అచ్చును తప్పనిసరి. మైకు వచ్చిన తరువాత ఆ యవసరము తీఱినది. గుసగుస యైనను నేడు ఊరి చివరకు వినిపించును. భరతుడు చెప్పిన మంద్ర నీచ స్థాయిలకు ఇంత యనుకూలమైన కాలము పూర్వ మెన్నడును లేదు. అవసరము పోయినను అలవాటు పోలేదు.

బళ్లారి రాఘవ (1880-1946) ఈ ధోరణిని ప్రతిఘటించి, సహజవాచికమునకు ప్రాధాన్య మిచ్చి, సంగీతమును తగ్గించెను. ఆయన మార్గము విద్యావంతుల మన్నన పొందినది. పల్లెరంగము దానిని పూర్తిగా స్వీకరింపలేదు. దీనిని పల్లెవారి అభిరుచిలోపముగా భావించుట అన్యాయము. ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో చదువు రాని రైతు సైతము ఉద్యోగవిజయముల పద్యమును పొలముగట్టున పాడుకొనగలిగినది రాగము వలననే. అక్షరాస్యత లేనిచోట రాగము పుస్తకముయొక్క పనిని చేసినది. రాఘవ సంస్కరణము సంపూర్ణముగా నెగ్గియుండిన, పద్యము పట్టణపు నాటకశాలలకే పరిమితమై యుండెడిదేమో. మఱియు పల్లెప్రేక్షకునికి కథ తెలియును, పద్యమును తెలియును. పరిచితమైన బీథోవెన్ కృతిని ఈ వాదకుడెట్లు వాయించునో వినవచ్చిన శ్రోతవలె, అతడు ఈ నటుడెట్లు పాడునో వినవచ్చును. అట్టి శ్రోత యెదుట నటునికి స్వాతంత్ర్యము లేకున్న ప్రదర్శనమే నిరర్థకము.

అట్లయిన ఆలాపమునకు తగిన తావు ఏది? పాశ్చాత్యుల కెడెంజా కొంత దారి చూపును. వాద్యబృందము మౌనము వహించి, వాదకుని ఒంటరిగా విడిచినచోట అది వచ్చును. అపుడతని కెవరును బదులు చెప్పవలసిన పని లేదు. మన నాటకములలోను అట్టి తావులు కలవు. అట్టివి కాని తావులును కలవు. రాయబారపు పద్యము ముగియగానే దుర్యోధనుడు బదులు చెప్పవలెను. పద్యమున వాక్యము పూర్తియైనను సభలో ఆకాంక్ష పూర్తి కాలేదు. అచట కృష్ణుడు నిమిషములతరబడి ఆలాపించుచుండ దుర్యోధనుడు గద మోపి నిరీక్షించుట హాస్యాస్పదము. కాటిసీనునందలి హరిశ్చంద్రుని స్థితి వేఱు. భార్యను, కుమారుని విక్రయించి, వీరబాహునకు దాసుడై, నిశీథమున ఒంటరిగా కాటికి కాపున్నవాని మాటకు బదులు పలుకువాడు లేడు. ఆ దుఃఖము మాటలను దాటి నాదముగా మిగులుట స్వభావోచితము. ఒకే నటుడు రెండు రంగములందును ఒకే కొలతతో రాగము తీసిన, మొదటిదానియందు అపరాధి, రెండవదానియందు రసజ్ఞుడు.

ఈ కాటిసీనుననే నటుల స్వాతంత్ర్యమునకు మహోజ్జ్వలమైన యుదాహరణము దొరకుచున్నది. బలిజేపల్లి లక్ష్మీకాంతము (1881-1953) రచించిన సత్యహరిశ్చంద్రీయమున ఈ రంగమునందు గుఱ్ఱము జాషువ (1895-1971) రచించిన ‘శ్మశానవాటి’ పద్యములను నటులు చేర్చి పాడిరి. జనులు అవి నాటకములోనివే యనునంతగా స్వీకరించిరి. ఒక కవి నాటకములో మఱియొక కవి ఖండకావ్యమును చొప్పించుట సామాన్యముగా దోషము. ఇచట గుణమైనది. చక్రవర్తి కాటికాపరియై నిలిచిన చోట, అస్పృశ్యతావేదన ననుభవించిన కవి, మరణము ముందు తరతమభేదములు నశించుటను దర్శించి చెప్పిన పద్యములు పాత్రావస్థను మఱింత లోతునకు కొనిపోయినవి. మొజార్టు రచించిన డి మైనర్ కన్సర్టోకు బీథోవెన్ కెడెంజాలు వ్రాయగా వాదకులు నేటికిని వానిని వాయించుచున్నారు. అదియు ఒకరి కృతిలో మఱియొకరి చేయియే. కాని మొదటివాడు విడిచిన తావున, మొదటివాని భావమునకు లోబడి వచ్చిన చేయి. చేర్చుటయా తగ్గించుటయా యను దానికంటె, చేర్చినదానికి మూలము సాక్ష్య మిచ్చుచున్నదా యనునది ముఖ్యమని ఈ రెండు ఉదాహరణములును తెలుపుచున్నవి.

ఈలపాట రఘురామయ్య (1901-1975) ఈలనుగూడ ఈ గీటుఱాతిపై పరీక్షింపవచ్చును. వ్రేలు నోటనుంచి రాగమును పలికించు ఆ విద్యలో అక్షరము లేదు గనుక అక్షరమును చెఱచు భయమును లేదు. కృష్ణపాత్రయందు అది వేణునాదమును స్ఫురింపజేయును. బృందావన, ద్వారకా రంగములకు అది పాత్రోచితము. కౌరవసభకు వచ్చిన రాయబారికి అంతగా నొప్పదు.

‘వన్స్ మోర్’ ను మన విమర్శకులు తఱచుగా నిందించిరి. ఆ యాచారము నాటకగతికి భంగకరమే. కాని నటుడు కోరినచో దానిని విద్యాప్రదర్శనావకాశముగా మలచుకొనగలడు. కెనడాకు చెందిన గ్లెన్ గూల్డ్ బాఖ్ రచించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను 1955లోను, 1981లోను ధ్వనిముద్రణ చేసెను. మొదటిది సుమారు 38 నిమిషములు, రెండవది సుమారు 51 నిమిషములు. కొన్ని ఆవృత్తులు చేరుటయు ఇందులకు కారణమే. అయినను మొదటిదానియందలి యౌవనవేగమును, రెండవదానియందలి చింతనమును వినువారికి స్పష్టము. స్వరములు అవియే, అర్థము వేఱు. మన నటుడు రెండవమాఱు అదే పద్యమును అంతకంటె పొడవైన రాగముతో పాడును. అదే పద్యమును వేఱు కాకువుతో, వేఱు విచ్ఛేదముతో చదివిన, ప్రేక్షకుడు తనకు తెలిసిన పద్యమునందే తెలియని యర్థమును చూచును గదా.

ఇందులకు ఒక యాచరణసంబంధమైన చిక్కు కలదు. కాంట్రాక్టు నాటకమున వేఱువేఱు ఊళ్లనుండి వచ్చిన నటులు ఆ సాయంకాలమే కలిసికొందురు. పూర్వాభ్యాసము లేదు, ప్రయోగమున కంతటికిని బాధ్యుడైన దర్శకుడు లేడు. 1962 ఏప్రిల్ 6వ తేదీన న్యూయార్కునందు బ్రామ్స్ మొదటి కన్సర్టోను వాయించుటకు ముందు, వాద్యబృంద నిర్వాహకుడు బెర్న్‌స్టీన్ వాదకుడైన గూల్డ్ ఎన్నుకొన్న మందగతితో తాను ఏకీభవింపనని సభకు చెప్పి, అయినను అతని యభిప్రాయమును మన్నించి ప్రయోగమును నడిపెను. విభేదింపవలెనన్నను ముందుగా కలిసి సాధన చేసియుండవలెను. మన రంగమున కృష్ణుడు ఏ పద్యమునం దెచట నిలుచునో దుర్యోధనునికే కాదు, హార్మోనిస్టునకును ముందుగా తెలియదు. ఇట్టి స్థితిలో అందఱికిని తెలిసిన ఒకేయొక సంకేతము రాగాలాపమే. అది ముగిసిన తన వంతు వచ్చినట్లు. రాగదైర్ఘ్యమునకు నటుని అహంకారముతోపాటు ఈ వ్యవస్థయు బాధ్యత వహింపవలెను.

ఉపాధ్యాయులు ఈ విషయమున ఉదాసీనులుగా నుండుటకు వీలులేదు. తరగతిలో మనము పద్యమును గణవిభజనముకొఱకు ముక్కలు చేయుచున్నాము; రంగస్థలమున నటుడు రాగముకొఱకు ముక్కలు చేయుచున్నాడు. రెండు చోట్లను వాక్యము వినబడుట లేదు. విద్యార్థికి పద్యమనగా లెక్కయో పాటయో గాని, ఒక మనుష్యుడు మఱియొక మనుష్యునితో పలికిన మాట యను స్పృహ కలుగుట లేదు. పరిశోధకులు ఉదయగిరి, ఆత్మకూరు వంటి సీమలలో జరుగు ప్రదర్శనములను ధ్వనిముద్రణ చేసి, ఒకే పద్యమును భిన్ననటులు ఎచట విఱిచిరి, ఏ యచ్చును సాగదీసిరి, ఏ కాకువును వాడిరి, ఆలాపము సంభాషణమునకు ముందో వెనుకనో ఏకాంతముననో యను నాలుగు విషయములను పట్టికగా వ్రాసికొనవలెను. రాగముల పేరులు వ్రాసికొన్నంతమాత్రమున ఆ ప్రయోగమునుగూర్చి తెలియునది స్వల్పము.

ఈ పరిశీలనముచే తేలిన సిద్ధాంతము సంగ్రహముగా నిది. కాలము, పదము, వాక్యము కవివి. స్వరము, కాకువు, విచ్ఛేదము, ఊనిక నటునివి. మొదటివానిని కాపాడుచు రెండవవానియం దెంత దూరము పోయినను నటుడు స్వతంత్రుడే. రాగమును తగ్గింపుమని అతనికి చెప్పుటకంటె, అతనికి ధర్మముగా సంక్రమించిన మిగిలిన సాధనములను చూపుట విమర్శకుని పని. అవి చేతికి వచ్చిన నాడు, ఏ పద్యమునకు ఎంత రాగము చాలునో నటుడు తానే నిర్ణయించుకొనగలడు.